దుమ్ము లాగే మిషన్ ఎంత సైజుది కావాలి?

ఇవాళ దుమ్ము గురించి మాట్లాడుకుందాం. అంటే ఇంట్లో మనుషులు ఉండగానే హాలు పగలగొట్టి టైల్స్ మార్చడం, గోడలకు గాడి కొట్టి కొత్త వైరింగ్ వేయడం, పాత లప్పం గీకి కొత్తది పెట్టడం, ఇలాంటి పనుల్లో లేచే దుమ్ము. ఈ పనులకి ఎయిర్ స్క్రబ్బర్ అనే మిషన్ తెచ్చి పెట్టే కాంట్రాక్టర్లు ఇప్పుడు కొంతమంది ఉన్నారు. మంచిదే. వాళ్లు నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒక్కటే: "సార్, మూడు బెడ్రూముల ఫ్లాటుకి ఎన్ని సీఎఫ్‌ఎం మిషన్ సరిపోతుంది?" ఏసీ ఎన్ని టన్నులు అని అడిగినట్టు. ఒక అంకె చెప్పేస్తే వాళ్లకీ సులువు, నాకూ సులువు. నేనూ ఒకప్పుడు అలా అంకె చెప్పినవాణ్నే. చెప్పి దెబ్బతిన్నాను. ఆ సంగతి లెక్కతో సహా చెబుతాను, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు మిషన్ ఏమిటో రెండు ముక్కల్లో. ఒక డబ్బా, లోపల గట్టి బ్లోయర్, దాని ముందు ఫిల్టర్లు. మొదటిది ముతక ఫిల్టర్, పెద్ద దుమ్మును ఆపుతుంది. చివరిది హెపా ఫిల్టర్, 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం పట్టుకుంటుంది. దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు. గది మధ్యలో పెట్టి, అక్కడి గాలినే లాగి శుభ్రం చేసి అక్కడికే వదలడం ఒకటి. వెనక డక్ట్ తగిలించి, గాలిని బయటికి తోలేయడం రెండోది. ఈ రెండో పద్ధతిలో గదిలో గాలి ఒత్తిడి కొంచెం తగ్గుతుంది. దాంతో పక్క గదుల్లో గాలి ఇటు వస్తుందే తప్ప ఇక్కడి దుమ్ము అటు పోదు. ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు మనకి కావలసింది ఇదే.

ఇక లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే గది ఘనపరిమాణం వస్తుంది. గంటకి ఆ గాలి మొత్తం ఎన్నిసార్లు మారాలో దాంతో గుణించి 60తో భాగిస్తే సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో తెలుస్తుంది. నేను చెప్పబోయే ఫ్లాటులో హాలూ డైనింగూ కలిపి 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే 3,920 ఘనపుటడుగులు. గంటకి 12 సార్లు మారాలనుకున్నాను. అంటువ్యాధి రోగులను ఉంచే ఆసుపత్రి గదులకు పెట్టుకునే లెక్క అది. 3,920ని 12తో గుణించి 60తో భాగిస్తే 784. నేను 1,000 సీఎఫ్‌ఎం మిషన్ తెప్పించాను. రెండొందలు పైన మిగులు కూడా ఉందని సంతోషపడ్డాను.

ఇక్కడ చిన్న మాట. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదైతే, దాన్ని విప్పేసే పని ఉంటే పైన స్లాబు దాకా కొలవండి. ఓపెన్ కిచెన్ ఉంటే అదీ కలపండి. టేపు ఫ్లోరింగ్ కోసమే కదా పట్టుకుంటాం, ఎత్తు కొలవడం మర్చిపోతాం.

ఇంకొక మాట, ఇది కొంచెం ముఖ్యం. గాలి ఒకసారి మారితే దుమ్మంతా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. బురద నీళ్లున్న బకెట్ కుళాయి కింద పెట్టండి. పైనుంచి మంచినీళ్లు పడుతుంటాయి, పక్కనుంచి పొర్లిపోతుంటాయి. ఒక బకెట్ నీళ్లు పడేసరికి బురదంతా పోయిందా? పోలేదు. మూడో వంతుకు పైనే ఉంటుంది, ఎందుకంటే పొర్లిపోయేదాంట్లో మంచినీళ్లూ కలిసి పోయాయి. గాలీ అంతే. పని ఆపేశాక నూటికి 99 పాళ్లు శుభ్రం కావాలంటే, గంటకి 6 సార్లు గాలి మారే గదిలో 46 నిమిషాలు పడుతుంది. 12 సార్లు మారితే 23 నిమిషాలు. అదీ గాలి గదంతా బాగా కలుస్తుంటే. మూలల్లో, బీరువా వెనకాల, బీముల కింద అంత బాగా కలవదు. అందుకే పని ఆగిన పది నిమిషాలకే ప్లాస్టిక్ షీట్లు విప్పేసే మేస్త్రీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సరే, కథలోకి వద్దాం. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. కుటుంబం రెండు బెడ్రూముల్లో సర్దుకుంది. ఒక గదిలో ఆ ఇంటాయన తల్లి ఉంటారు, డెబ్భై ఏళ్లు దాటినావిడ, ఉబ్బసం మనిషి. అందుకే మమ్మల్ని పిలిచారు. లేకపోతే మామూలు పద్ధతిలో గోనె పట్టాలు కట్టి కానిచ్చేసేవాళ్లు. ఆవిడ గది తలుపుకి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, మధ్యలో జిప్ పెట్టాం. మిషన్ హాల్లో పెట్టాం. కిటికీకి ఇనుప గ్రిల్ ఉంది, మన దగ్గర అన్ని కిటికీలకీ ఉంటుంది కదా, అందులోంచి 12 అంగుళాల డక్ట్ పట్టదు. బాల్కనీ స్లైడింగ్ తలుపు కొంచెం తీసి, సందులో ప్లైవుడ్ ముక్క బిగించి, దానికి కన్నం కోసి డక్ట్ బయటికి పంపాం. పాతిక అడుగుల మెత్తటి డక్ట్, రెండు మలుపులు. చూడ్డానికి బాగానే ఉంది.

రెండో రోజు సాయంత్రం ఇంటాయన నుంచి ఫోన్. వెళ్లి చూస్తే, ఆవిడ గదిలో నల్లటి టీవీ మీద బూడిద రంగు పొర. వేలితో గీస్తే గీత పడింది. ఆవిడ మంచం మీద కూర్చుని ఇన్హేలర్ పట్టుకుని ఉన్నారు. ఒక మాట, ఒక ఆయాసం. ఆ రాత్రే ఆవిడను కూతురింటికి పంపించేశారు. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

మా మేస్త్రీది పాలమూరు. "మిషన్ పొద్దున్నించి ఆడుతనే ఉన్నది గద సార్" అన్నాడు. నిజమే, ఆడుతూనే ఉంది. మర్నాడు పొద్దున అనెమోమీటర్, అంటే గాలి వేగం కొలిచే చిన్న ఫ్యాను, పట్టుకుని డక్ట్ చివర నిలబడ్డాను. కొత్త ముతక ఫిల్టర్ వేసి కొలిస్తే సెకనుకి మూడున్నర మీటర్లు. 12 అంగుళాల గొట్టం వైశాల్యంతో గుణిస్తే సుమారు 540 సీఎఫ్‌ఎం. లేబుల్ మీద 1,000. ఎక్కడికి పోయింది సగం? లేబుల్ మీద రాసే అంకె చాలాసార్లు డక్ట్ లేకుండా, ఫిల్టర్లు కొత్తగా ఉన్నప్పటిది. మా పాతిక అడుగుల మెత్తటి డక్ట్, దాని లోపలి ముడతలు, రెండు మలుపులు కలిసి మిగతాది తినేశాయి. తర్వాత మామూలుగా పని మొదలుపెట్టించి, సాయంత్రం ఫిల్టర్ మార్చకుండా మళ్లీ కొలిచాను. సెకనుకి రెండు మీటర్లు. అంటే 310 దగ్గర. పొద్దున గంటకి 8 సార్లు మారిన గాలి సాయంత్రానికి ఐదుసార్లు కూడా మారట్లేదు. నేను లెక్క వేసింది 12కి.

అయినా ఒక అనుమానం మిగిలింది. 310 అయినా బయటికి పోతోంది కదా, మరి దుమ్ము ఆవిడ గదిలోకి ఎలా వెళ్లింది? పూజ గదిలోంచి అగరుబత్తి అడిగి తీసుకుని, వెలిగించి ఆవిడ తలుపు కింద సందు దగ్గర పెట్టాను. పొగ హాల్లోకి రావాలి. అది చక్కగా లోపలికి పోయింది. లోపలికి వెళ్లి చూస్తే అటాచ్డ్ బాత్‌రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. ఆరంగుళాల చిన్న ఫ్యాన్. మేం పని మొదలుపెట్టిన రోజు నుంచీ అది తిరుగుతూనే ఉందట. ఆవిడకి ఫోన్ చేసి అడిగితే, "అది వేసుకుంటే దుమ్ము లాగేస్తుంది కదా నాయనా అని నేనే వేయమన్నాను" అన్నారు. పాపం, ఆవిడ చేసింది మేం హాల్లో చేస్తున్నదే. ఆ ఫ్యాను ఆ గది గాలిని బయటికి తోస్తుంటే, లోటు పూడ్చడానికి హాల్లో గాలి తలుపు సందుల్లోంచి లోపలికి వెళ్లింది. సగం చచ్చిన మా మిషన్ దానితో తాడు లాగే పందెంలో ఓడిపోయింది.

కాబట్టి సైజు లెక్కలో గది కొలత ఒక్కటే కాదు, ఆ ఇంట్లో ఇంకా ఏయే ఫ్యాన్లు గాలిని ఎటు లాగుతున్నాయో కూడా చూడాలి. బాత్‌రూం ఎగ్జాస్ట్‌లు, వంటింటి చిమ్నీ, అన్నీ. పక్క గదులకూ పని గదికీ మధ్య 5 పాస్కల్స్ తేడా ఉంటే చాలు. అంటే అర మిల్లీమీటరు నీటి మట్టం అంత. చాలా తక్కువే, కానీ అది ఎప్పుడూ ఉండాలి. మీటర్ లేకపోతే అగరుబత్తి చాలు. పొద్దున ఒకసారి, భోజనాల తర్వాత ఒకసారి, సాయంత్రం ఒకసారి. కరెంటు పోయిన క్షణం ఆ తేడా కూడా పోతుంది, కాబట్టి కరెంటు పోతే కట్టర్ ఆపేయాలి. బ్యాటరీ గ్రైండర్లు వచ్చాక ఇదొక కొత్త తలనొప్పి. మిషన్ ఆగుతుంది, పని ఆగదు. ఇంకో హెచ్చరిక. మిషన్ గాలిని గట్టిగా లాగే చోట గ్యాస్ గీజర్ ఉంటే వాడనివ్వకండి. దాని పొగ బయటికి పోకుండా వెనక్కి ఇంట్లోకి వస్తుంది. అది ప్రాణాల మీదికి తెచ్చే విషయం.

మరి ఎంత సైజు తీసుకోవాలి? ఆ రోజు నుంచీ నేను లేబుల్ అంకెలో సగాన్నే నమ్ముతున్నాను. నాకు 784 కావాలంటే లేబుల్ మీద 1,600 దాకా ఉండాలి. అదీ ఒకే పెద్ద మిషన్ కాదు, రెండు చిన్నవి. ఒకటి డక్ట్‌తో గాలిని బయటికి తోలడానికి, రెండోది పని జరిగే చోటికి దగ్గరగా గాలిని అక్కడే శుభ్రం చేయడానికి. గాలి లోపలికి వచ్చే సందు ఒక చివర, బయటికి తోలే మిషన్ రెండో చివర ఉండాలి. రెండూ పక్కపక్కన పెడితే వచ్చిన మంచి గాలి వచ్చినట్టే పోతుంది, దుమ్ము ఉన్నచోటే ఉంటుంది. డక్ట్ వీలైనంత పొట్టిగా, సాగదీసి, తిన్నగా వేయండి. ముతక ఫిల్టర్ గాడి కొట్టే రోజుల్లో మాకు రోజుకి మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. దాని ధర హెపాతో పోలిస్తే ఎంత? అక్కడ పిసినారితనం చేస్తే హెపా పోతుంది.

ఇంట్లో వాడే ఎయిర్ ప్యూరిఫైయర్ పెట్టొచ్చా అని అడుగుతారు. పడుకునే గదిలో, పని గదికి దూరంగా అయితే పెట్టుకోండి. పని గదిలో పెడితే దాని ఫిల్టర్ చూస్తుండగానే నిండిపోతుంది. కిటికీలో పెడస్టల్ ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టడం ఇంకో పద్ధతి. అది ఖాళీ గాలిని బాగా తోస్తుంది గానీ, అడ్డు వస్తే తోయలేదు. దాని ముందు ఫిల్టర్ గుడ్డ కట్టి చూడండి, రెక్కలు తిరుగుతుంటాయి, గాలి పోదు. గుడ్డ లేకుండా పెడితే దుమ్మంతా పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీదికి.

ఇదంతా సరిచేశాక మా హాల్లో గంటకి 12 సార్లు గాలి మారింది. అగరుబత్తి పొగ ఇటే వచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆవిడ ఇంటికి తిరిగొచ్చారు, ఆయాసం రాలేదు. ఇక్కడితో ఆపేస్తే ఇది మిషన్ అమ్మేవాడి కథ అవుతుంది.

గాడి కొట్టే కుర్రాడు ఒకడున్నాడు. ఎలక్ట్రీషియన్‌కి హెల్పర్, ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఐదంగుళాల గ్రైండర్‌తో గోడ మీద రెండు గీతలు కోసి, మధ్యలోది ఉలితో చెక్కుతాడు. మూతికి తువ్వాలు కట్టుకుంటాడు. రెండు మిషన్లు పెట్టి, అన్నీ కొలిచి, నేను తృప్తిగా నిలబడి చూస్తుంటే వాడు ఇటు తిరిగాడు. కనుబొమలు తెల్లగా ఉన్నాయి, మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే. వాడికి ఏమీ మారలేదు.

ఎందుకు మారలేదో లెక్క వేసి చూపిస్తాను. ఊరికే ఉదాహరణకి, గ్రైండర్ నిమిషానికి ఒక గ్రాము సన్నటి దుమ్మును గాలిలోకి వదులుతోందనుకోండి. అంటే 1,000 మిల్లీగ్రాములు. 540 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి సుమారు 15 ఘనపు మీటర్లు. భాగిస్తే ఘనపు మీటరుకి 65 మిల్లీగ్రాములు. మిషన్ల గాలి రెట్టింపు చేస్తే 33 దాకా దిగుతుంది. ఆ దుమ్ములో పదోవంతే సిలికా అనుకున్నా మూడు మిల్లీగ్రాముల పైన. అమెరికాలో నిర్మాణ కార్మికులకి పెట్టిన హద్దు, ఎనిమిది గంటల సగటున, 0.05 మిల్లీగ్రాములు. మూడు ఎక్కడ, 0.05 ఎక్కడ? పైగా ఇది గది మొత్తం సగటు. బ్లేడుకి అడుగు దూరంలో ఉన్న ముక్కుకి ఈ సగటుతో సంబంధం లేదు. ఎన్ని మిషన్లు పెట్టినా దుమ్ము ముందు వాడి ముఖం మీదుగా వెళ్లి, ఆ తర్వాతే మిషన్ దగ్గరికి వస్తుంది.

కంటికి కనిపించే దుమ్ము కిందపడుతుంది. పది మైక్రాన్ల రాతి కణం పదడుగుల ఎత్తు నుంచి ఆరేడు నిమిషాల్లో నేలకి చేరుతుంది. ఒక మైక్రాన్ కణానికి, గాలి అస్సలు కదలకపోయినా, గంటలు పడుతుంది. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది ఈ రెండో రకమే. సిమెంటు గోడలో ఇసుక ఉంది, ఇసుకంటే సిలికా. గ్రానైట్‌లో ఉంది, టైల్స్‌లో ఉంది. ఇప్పుడు వంటింట్లో అందరూ వేయించుకుంటున్న క్వార్ట్జ్ ప్లాట్‌ఫారం ఉంది చూశారూ, మనుషులు తయారుచేసే రాయి, అందులో 90 శాతం పైగా సిలికా ఉండే రకాలున్నాయి. దాన్ని కోసే కార్మికులకి సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. మన ఫ్యాక్టరీల్లో కూడా చట్టప్రకారం సిలికోసిస్ కచ్చితంగా అధికారులకి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉంది. ఫ్లాట్లో గాడి కొట్టే కుర్రాడు ఏ ఫ్యాక్టరీ కిందికీ రాడు. ఆ జబ్బుకి మందు లేదు, వచ్చిందంటే ఉండిపోతుంది.

కాబట్టి వాడి కోసం వేరే లెక్క. గ్రైండర్ బ్లేడుకి తొడిగే డస్ట్ కవర్ దొరుకుతుంది. దాని మెడకి గొట్టం, గొట్టానికి వ్యాక్యూమ్. అమెరికా నిబంధనల్లో దీనికి ఒక సులువైన సూత్రం ఉంది: బ్లేడు వ్యాసం ప్రతి అంగుళానికి కనీసం 25 సీఎఫ్‌ఎం. ఐదంగుళాల బ్లేడుకి 125. చూడండి, గదికి 784, బ్లేడుకి 125. ఆ 125 పుట్టినచోటే పట్టుకుంటుంది. నూటికి 90 పాళ్లు పట్టిందనుకుంటే, ఇందాకటి 65 ఆరున్నర అవుతుంది. గాలిలో మిషన్లు పది పెడితే గానీ రాని తేడా అది. అయితే ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ తగిలించకండి. సన్న దుమ్ము సంచిలోంచి మళ్లీ గదిలోకే వస్తుంది. 99 శాతం పట్టే ఫిల్టరూ, దాన్ని దులిపే ఏర్పాటూ ఉన్నది కావాలి. ఇక్కడ కూడా లేబుల్‌ని నమ్మొద్దు. సన్నటి పొడుగు గొట్టం తగిలిస్తే సగం పోతుంది.

అన్నీ పెట్టినా లెక్క 0.05కి దిగలేదని గమనించారా? ఆరున్నరలో పదోవంతు 0.65. రోజంతా కాకుండా ఒక గంటే కోశాడనుకున్నా ఎనిమిది గంటల సగటు 0.08. అందుకే ముఖానికి అతుక్కునే మాస్క్ కూడా కావాలి, ఎన్95 లాంటిది. తువ్వాలు చెమటకి పనికొస్తుంది, సిలికాకి కాదు. టైల్స్, గ్రానైట్ కోయడం అయితే ఇంత అవస్థ అక్కర్లేదు, బాల్కనీలో నీళ్లు వదులుతూ కోయించండి. లైవ్ వైరింగ్ ఉన్న గోడ మీద నీళ్లు పోయలేం కాబట్టే ఈ కవరూ వ్యాక్యూమూ.

బయట జరిగే పని, పునాదులు, ఇసుక కుప్పలు, లారీలు, దానికి ఈ గది లెక్క ఏదీ పనికిరాదు. గోడల్లేనిచోట గంటకి ఎన్నిసార్లు గాలి మారుతుందంటే ఏం చెబుతాం? అక్కడ నీళ్లు చల్లడం, కుప్పల మీద పట్టా కప్పడం, గ్రీన్ నెట్, లారీ టైర్లు కడగడం. దాని సంగతి వేరే.

మా కుర్రాడికి కవరూ వ్యాక్యూమూ తెప్పించాం. మొదట విసుక్కున్నాడు, గీత కనబడట్లేదన్నాడు. నిజమే, కవర్‌లోంచి గీత సరిగ్గా కనబడదు. గోడకి చెక్క పట్టీ కొట్టి దాని వెంబడి నడిపించమని మేస్త్రీ నేర్పాడు. మూడో రోజుకి అలవాటు పడ్డాడు. పని అయిపోయాక సామాను సర్దుతుంటే వచ్చి, "సార్, ఆ మూత నాకిస్తారా, ఇంకో సైటుకి పోతున్న" అన్నాడు. ఇచ్చాను. వ్యాక్యూమ్ కూడా అడుగుతాడేమోనని చూశాను, అడగలేదు. అది లేకుండా ఆ మూత ఎందుకూ పనికిరాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో సైటు వ్యాక్యూమ్‌లు, వాటిని అద్దెకి తీసుకునేటప్పుడు ఏం చూడాలో మాట్లాడుకుందాం.